కొమోడో లగ్జరీ పడవ బుక్ చేస్తున్నారా? ముందు పడవ పేరు రాయించుకోండి

సంక్రాంతి సెలవులకి బాలి వెళ్లి, అక్కడి నుంచి లబువాన్ బాజో దాకా పోయి కొమోడో దీవుల చుట్టూ లగ్జరీ పడవలో తిరిగొద్దామని ప్లాన్ వేసుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మొన్న జనవరిలో మేం హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెంట్ ద్వారా వెళ్లాం. చూపించింది ఒక పడవ, ఎక్కించింది ఇంకొకటి. ఇదేంటని అడిగితే వోచర్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించారు: "లేదా అదే శ్రేణికి చెందిన మరో పడవ". మొత్తం గొడవంతా ఈ ఒక్క లైనులోనే ఉంది.

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవికి పడమటి కొసన ఉన్న రేవు లబువాన్ బాజో. బాలి నుంచి విమానంలో గంట ప్రయాణం. కొమోడో, రించా, పాదర్ దీవులకి వెళ్లే పడవలు చాలావరకు ఇక్కడి నుంచే బయల్దేరతాయి. వీటిలో పేరున్నవి ఫినిసి పడవలు. సులవేసి దీవివాళ్లు చెక్కతో కడతారు. సంప్రదాయ ఫినిసికి రెండు స్తంభాలు, ఏడు తెరచాపలు ఉంటాయి. ఆ పడవలు కట్టే విద్యకి 2017లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. బ్రోచర్లలో తెల్లటి తెరచాపలు విప్పుకుని కనబడేది అదే. ఎంత ఖరీదైన పడవైనా అక్కడ తిరిగేది డీజిల్ ఇంజిన్ మీదే, తెరచాపలు చాలావరకు ఫొటోల కోసమే ఎత్తుతారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ స్టార్ హోటల్ లాంటి పడవ పక్కనే, అదే ఆకారంలో, పైన ప్లైవుడ్ గదులు వేసిన మామూలు పడవ కూడా లంగరేసి ఉంటుంది. రెండింటినీ లగ్జరీ ఫినిసి అనే అమ్ముతున్నారు.

మాకు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో పై డెక్ మీద గది, మంచం మీంచే సముద్రం కనబడేంత కిటికీ. ఇచ్చింది మెట్లు దిగి వెళ్లాల్సిన గది. అటుపక్క ఇంజిన్, మధ్యలో ఒక చెక్క గోడ. కిటికీ అంటే అరచేతి వెడల్పు గుండ్రటి అద్దం, అది తెరుచుకోదు. ఏసీ ఉంది, కాకపోతే రాత్రి జనరేటర్ వేశాకే పనిచేస్తుంది. పగలు దీవుల్లో ఎండలో తిరిగొచ్చి కాసేపు నడుం వాలుద్దామంటే డీజిల్ వాసనకి కడుపులో తిప్పేది. పిల్లలు డెక్ మీద బీన్‌బ్యాగుల్లోనే పడుకున్నారు.

ఇంతవరకైతే సర్దుకుపోయేవాళ్లమే. నాకు మండింది లైఫ్ జాకెట్ల దగ్గర. పిల్లల సైజు ఒక్కటీ లేదు. పెద్దవాళ్ల జాకెట్లు మంచం కింద కుక్కి ఉన్నాయి, నేను తీసిన మొదటిదానికే బకిల్ ఊడి ఉంది. వంటగది బయట తగిలించిన మంటలార్పే సిలిండర్ మీద ముల్లు ఎర్ర గీతలోకి దిగిపోయి ఉంది, అంటే లోపల ఒత్తిడి లేదు. కచ్చులూరు దగ్గర 2019లో గోదావరిలో ఏం జరిగిందో చూసినవాళ్లం, లైఫ్ జాకెట్ ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ హిందూ మహాసముద్రం నీళ్లూ ఫ్లోరెస్ సముద్రం నీళ్లూ దీవుల మధ్య ఇరుకు దారుల్లో కలుస్తాయి, ప్రవాహాలు మహా ఉద్ధృతంగా ఉంటాయి. ఈత వచ్చని దిగితే చాలదు. నేను పట్టుబడితే పక్క పడవ నుంచి రెండు చిన్న జాకెట్లు అడిగి తెచ్చారు. తెచ్చిన కుర్రాడు మంచివాడు, అసలు పడవ మనుషులందరూ మంచివాళ్లే. మేం ఎంత కట్టామో చెబితే కెప్టెన్ నోరెళ్లబెట్టాడు.

ఎందుకంటే మన డబ్బు నేరుగా పడవకి పోదు. హైదరాబాద్ ఏజెంట్ బాలి ఏజెంట్‌కి ఇస్తాడు, అతను రేవులో ఇంకొకరికి ఇస్తాడు, చివరికి పడవ యజమాని చేతికి మిగిలింది వస్తుంది. సీట్లు నిండకపోతే రెండు పడవల జనాన్ని ఒకదాంట్లో సర్దేస్తారు. అందుకే "లగ్జరీ క్యాబిన్" అని రాసిన వోచర్ చిత్తు కాగితంతో సమానం. పడవ పేరు, క్యాబిన్ నంబరు, అది ఏ డెక్ మీద ఉందో రాయించుకోండి. పడవ మారిస్తే పూర్తి డబ్బు వాపసు అని మెయిల్‌లో ఒప్పించుకోండి. పడవ రేవు దాటాలంటే రేవు అధికారుల అనుమతి, ప్రయాణికుల జాబితా తప్పనిసరి. కాబట్టి మీ పేర్లు ఏ పడవ జాబితాలో ఎక్కించారో ముందురోజే అడగొచ్చు. నసిగారంటే అనుమానించాల్సిందే. జనరేటర్ ఎన్ని గంటలు వేస్తారు, పిల్లల జాకెట్లు ఉన్నాయా అన్నది ఫోన్లో కాదు, పడవ మీంచి వీడియో కాల్‌లో చూపించమనండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, సంక్రాంతి ఆఫర్. సుమారు డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానాకాలం. సముద్రం బాగాలేకపోతే రేవు అధికారులు పడవల్ని కదలనివ్వరు, అది మన మంచికే. రేటు తగ్గించి అమ్మేదీ అందుకే, ఆ ముక్క మాత్రం ఏజెంట్లు చెప్పరు. మాకు ఒక పూటంతా రేవులోనే గడిచిపోయింది, పాదర్ కొండ ఎక్కడం ప్రోగ్రాంలోంచి ఎగిరిపోయింది. వాపసు అడిగితే వాతావరణం మా చేతుల్లో లేదన్నారు. సరే, పడవ మార్చింది కూడా వాతావరణమేనా? వెళ్లాలనుకుంటే మన వేసవి సెలవులకో దసరాకో వెళ్లండి. అప్పుడు అక్కడ పొడి కాలం.

శాకాహారులకి ఒక మాట. "వెజ్ ఓకే" అని ఏజెంట్ అన్నంత మాత్రాన నమ్మకండి. అక్కడి సంబల్ పచ్చళ్లలో చాలావాటిలో తెరాసి అని రొయ్యలతో చేసిన ముద్ద కలుపుతారు. మా అత్తగారు మొదటి ముద్దకే వాసన పట్టేశారు. వంటతనికి అందులో తప్పేం కనపడలేదు పాపం, మాంసం వెయ్యలేదు కదా అన్నాడు. ఆవిడ మిగతా ప్రయాణమంతా అన్నం, మేం తీసుకెళ్లిన కందిపొడితో లాగించారు. కొమోడో నేషనల్ పార్కు ప్రవేశ రుసుము కూడా ప్యాకేజీలో లేదట, పడవెక్కాక ఇండోనేషియా కరెన్సీ రుపయాల్లో నగదు వసూలు చేశారు. మీ పేరున టికెట్ ఇవ్వనిదే ఆ డబ్బు ఇవ్వకండి.

డబ్బు కట్టేటప్పుడు క్రెడిట్ కార్డు వాడండి, తేడా వస్తే బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. మా ఏజెంట్ సగం యూపీఐలో, అదీ ఒక వ్యక్తి ఖాతాకి పంపమన్నాడు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే ఇక్కడి ఏజెంట్ టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపన్ను) వసూలు చేసి మీ పాన్ మీద జమ చేయాలి. అది మీ 26ఏఎస్‌లో, అంటే ఆదాయపన్ను శాఖ దగ్గరుండే మీ పన్ను జమల పత్రంలో, కనబడాలి. మా దగ్గర వసూలైతే చేశాడు, 26ఏఎస్‌లో మాత్రం ఇంతవరకు జాడ లేదు.

ఫిర్యాదుకి 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడతారు. "పడవ ఇండోనేషియాది, అక్కడే తేల్చుకోండి" అని ఏజెంట్ మాకు చెప్పాడు. అది కుదరదు. డబ్బు తీసుకున్నది ఇక్కడి ఏజెంట్, పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మేం వేశాం, నోటీసు వెళ్లింది. కేసు తేలేదాకా ఏజెంట్ పేరు బయటపెట్టను. ఫిర్యాదు ఎలా రాశామో కావాలంటే అడగండి, పంపిస్తాను.