ముందు ఒకటే మహల్, వెనక ఎవరిష్టం వాళ్లది

లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే గంటన్నరలో బాత్ అనే ఊరు. అమ్మకి అక్కడి పాత ఇళ్ల వరుస రాయల్ క్రెసెంట్ చూపించాలని వెళ్లాం. బస మాత్రం అక్కడ కాదు, కాస్త దూరంలో ఒక జార్జియన్ కాలపు, అంటే దాదాపు పద్దెనిమిదో శతాబ్దం నాటి, పెద్దింట్లో. దాన్ని ఇప్పుడు ఫ్లాట్లు చేశారు. మాది మొదటి అంతస్తు. లిఫ్ట్ లేదని ముందే రాశారు, చూసుకోనిది నేనే.

ఒకప్పుడు అతిథులను కూర్చోబెట్టిన గది అది. అందుకే అంత ఎత్తు, అంత పెద్ద కిటికీలు. మధ్యలో అడ్డగోడ కట్టి హాలు, బెడ్‌రూమ్ చేశారు. సీలింగ్ మీద సున్నపు లతలు ఆ గోడ దాకా పాకి అక్కడే తెగిపోయాయి. నడిమి పువ్వులో సగం మంచం మీద, సగం అవతల సోఫా మీద. "పంపకాలు గట్టిగానే జరిగాయిరా" అంది అమ్మ.

చలి మాత్రం చంపేసింది. పాత కిటికీలకి ఒంటి అద్దమే. వారసత్వ కట్టడం కాబట్టి అనుమతి లేకుండా మార్చకూడదట. కిటికీ పక్క గోడలోకి ముడుచుకున్న చెక్క తలుపులు ఉంటాయి, రాత్రి తొమ్మిదింటికి గానీ మా కంట పడలేదు. అవి మూశాక హాయిగా నిద్రపట్టింది.

ఇక క్రెసెంట్. 1767లో మొదలుపెట్టి ఏడెనిమిదేళ్లలో కట్టిన 30 ఇళ్ల వరుస. 114 స్తంభాలతో నెలవంకలా వంగి, ఒకే రాజభవనంలా కనిపిస్తుంది. నిజానికి ఆర్కిటెక్ట్ జాన్ వుడ్ ది యంగర్ గీసి ఇచ్చింది ముఖభాగమే. తలా కొంత గోడ కొనుక్కున్నవాళ్లు దాని వెనక తమకు నచ్చినట్టు ఇల్లు కట్టించుకున్నారు. ఇప్పుడు వాటిలో చాలావరకు ఫ్లాట్లే.

అందరూ పచ్చిక మీద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వెనక్కి వెళ్లండి. ఒక కప్పు ఎత్తు, ఒకటి పల్లం, గోడల నిండా పైపులు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

1వ నంబరు ఇల్లు మ్యూజియం. కింద వంటగది, పైన దొరల గదులు. టికెట్ డబ్బులు దండగ కాలేదు. ఆ వరుస నడుమ ఉన్న హోటల్ రేట్లు చూసి నోరు మూసుకున్నాం.

ఇలాంటి ఇళ్లలో గది తీసుకునేటప్పుడు ఏ అంతస్తో అడగండి. అటకలాంటి పై అంతస్తు ఒకప్పుడు పనివాళ్లది, కిటికీలు చిన్నవి, తల తగిలే కప్పు. అద్దె మాత్రం మా గదికీ దానికీ పెద్ద తేడా లేదు.