చిత్తూరులో బాప్తిస్మ తరగతులు: పాఠానికి పూర్తి మార్కులు, తొట్టి మెట్లకు మాత్రం కాదు

మా అబ్బాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాక బాప్తిస్మం తీసుకుంటానన్నాడు, అంటే క్రీస్తు మీద విశ్వాసాన్ని ఒప్పుకుని తొట్టి నీళ్లలో మునిగి లేవడం. మేం వెళ్లే సంఘం (చర్చి) చిత్తూరులో మిట్టూరు వైపు ఉంది. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద హంగు లేదు. ప్రచారం వద్దని పాస్టర్‌గారు అంటుంటారు కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్లు పెట్టే బాప్తిస్మ తరగతులు ఎలా ఉంటాయి, ఆ రోజు ఏర్పాట్లు ఎలా ఉంటాయి అనేది రాస్తున్నా. నేను స్టాఫ్ నర్సును. వాక్యం ఎంత శ్రద్ధగా వింటానో తడిమెట్లు, చన్నీళ్లు కూడా అంతే శ్రద్ధగా చూస్తాను.

తరగతి ఆదివారం ఆరాధన అయ్యాక మొదలవుతుంది, నెలన్నర పాటు సాగుతుంది. ఫీజు లేదు. ఇంట్లోవాళ్లు వెనక కూర్చుని వినొచ్చు. నేనూ మా అత్తా విన్నాం.

ఊళ్లో కొన్నిచోట్ల శనివారం పేరిస్తే ఆదివారం ముంచేస్తారు. ఇక్కడెందుకు ఇంత ఆలస్యం అని మొదటి వారమే ఒకాయన అడిగేశాడు. బైబిల్లో ఫిలిప్పీ చెరసాల నాయకుడికి నమ్మిన ఆ రాత్రే ఇచ్చారు కదా, ఐతియొపీయుడు దారిలో నీళ్లు కనపడగానే రథం ఆపించాడు కదా అని ఆయన వాదన. పాస్టర్‌గారు నవ్వి, "ఆ ఐతియొపీయుడు ఆరాధనకని యెరూషలేము దాకా వెళ్లి, రథంలో యెషయా చదువుకుంటా వస్తున్నాడన్నా. నువ్వు ఈ వారం ఏం చదివినావు?" అన్నారు. ఆయన తర్వాతి వారం నుంచి నోటుబుక్కు తెచ్చుకున్నాడు.

అసలు సరుకు రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరం, ఆరో అధ్యాయం దగ్గరుంది. రెండు మూడు వారాలు దాన్ని వదల్లేదు. నీళ్లలోకి వెళ్లడం స్నానం కాదు, సమాధి. క్రీస్తుతో పాటు పాతిపెట్టబడటం, ఆయనతో పాటు లేచి కొత్త బతుకులో నడవడం. అయితే ఏం చచ్చింది, ఏం పాతిపెట్టాం? ఇది నోటితో చెప్పనక్కర్లేదు, కాగితం మీద రాసుకుని ఎవరికీ చూపించకుండా దాచుకోమన్నారు. మావాడు రాసుకున్న కాగితం నేను వెతకలేదు. వెతకాలని మాత్రం చాలా అనిపించింది.

ఐదో వచనంలో ఆయనతో ఐక్యం కావడం అనే మాట దగ్గర తరగతి కాసేపు ఆగిపోయింది, ఎవరికీ అందలేదు. బంగారుపాళ్యం వైపు తోటలున్న ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, మేము నాటు మొక్కకి బెంగళూర మామిడి అంటు కడతాం. రెండూ అతుక్కున్నాక నాటు మొక్క తల తెగ్గోసేస్తాం. లేకపోతే అదే పైకి లేస్తాది, అంటు ఎండిపోతాది. అట్టాంటిదేనా?" అని అడిగాడు. పాస్టర్‌గారు మార్కర్ ఆయన చేతికే ఇచ్చి బోర్డు మీద గీయమన్నారు. నాకు ఆ అధ్యాయం ఇంతకు ముందెప్పుడూ అంత బాగా అర్థం కాలేదు. బైబిల్ కాలేజీలో చదివిన మనిషి ఇలా పక్కకు తప్పుకుని రైతుకు బోర్డు అప్పగించడం నాకు బాగా నచ్చింది.

నీళ్లలోనే మహిమ ఉందా అనేది ఇంకో వారం. ఇక్కడ ఇద్దరిని ఎదురెదురుగా పెట్టారు. గారడీ సీమోను బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ వెంటనే పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బులిచ్చి కొనబోయి పేతురు చేత చీవాట్లు తిన్నాడు. యేసు పక్కన సిలువ మీద ఆయన్ని నమ్మిన దొంగకు చుక్క నీళ్లు తగల్లేదు, పరదైసు మాత్రం దొరికింది. అయితే తీసుకోకపోయినా పర్లేదా అని ఒకమ్మాయి అడిగింది. దిగిరావడానికి వీల్లేని దొంగను చూపించి, కాళ్లూ చేతులూ ఆడుతున్న నువ్వు తప్పించుకోకు అన్నారు. ఆజ్ఞ మత్తయి 28లో ప్రభువే ఇచ్చాడు. అది ఒళ్లు కడుక్కోవడం కాదు, మంచి మనస్సాక్షితో దేవుడికి చెప్పుకునే మాట అని పేతురు పత్రిక చూపించారు.

మిగతాచోట్ల గొంతు తగ్గించి మాట్లాడే విషయం ఇక్కడ బాహాటంగా మాట్లాడారు. డిగ్రీ చదివే ఒకమ్మాయి కులం సర్టిఫికెట్ గురించి అడిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను ఇప్పుడు హిందూ, సిక్కు, బౌద్ధులకే ఇస్తుంది. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. ఇది ఉన్నదున్నట్టు చెప్పారు. "అబద్ధం ఆడమని చెప్పను, చదువు పాడు చేసుకోమనీ చెప్పను తల్లీ. ఇంట్లో మాట్లాడుకో. తొట్టి ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ అమ్మాయి బాప్తిస్మం రోజున తొట్టిలో దిగలేదు. ఆరాధనకు మాత్రం వస్తూనే ఉంది, ఎవరూ ఆమెను వేరుగా చూడటం లేదు. క్రీస్తును ధరించుకున్నవాళ్లలో యూదుడు, గ్రీసుదేశస్థుడు అనే తేడా లేదని గలతీ పత్రికలో చదివి, ఇంటికెళ్లి పెళ్లి సంబంధాలు మాత్రం కులంలోనే వెతుకుతున్నాం అని ఆ రోజే ఒక చురక కూడా వేశారు. వెనక వరుసల్లో ఎవరూ తల ఎత్తలేదు.

బాప్తిస్మం తీసుకుంటే పోయేదాని గురించి అలా మాట్లాడాక, ఏదో దొరుకుతుందని వచ్చేవాళ్ల సంగతికి ఒంగోలు చరిత్ర చెప్పారు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఈ అంకె చిన్నప్పటి నుంచి వింటున్నదే. దానికి ముందు ఆపిన సంగతి ఎవరూ అంతగా చెప్పరు. ఇక్కడ దాన్నే ముందు చెప్పారు.

ఇక ఫిర్యాదులు. మా అత్తది అమెరికన్ మిషనరీల ఆర్కాట్ మిషన్ రోజుల నాటి కుటుంబం, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). పసిపిల్లగా ఉన్నప్పుడు నెత్తిన నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. తరగతికి సాయంగా వచ్చే ఒక కుర్రాడు "అది చెల్లదు అవ్వా, మళ్లీ తీసుకోవాల" అనేశాడు. మా అత్తకు కోపం వచ్చేసింది. "మా నాయన నన్ను ఎత్తుకుని పోయి దేవునికి ఒప్పజెప్పినాడే, ఆయన విశ్వాసం ఉత్తదేనా?" అంది. కుర్రాడి దగ్గర జవాబు లేదు. పాస్టర్‌గారు వచ్చి సర్దారు. బైబిల్లో లూదియ అనే ఆవిడ ఇంటివారందరికీ ఇచ్చారు కదా, యూదులు మగపిల్లలకు చేసే సున్నతికి బదులు ఇది వచ్చింది కదా అనేవాళ్లు పిల్లలకూ ఇస్తారు, నోటితో ఒప్పుకున్నవాళ్లకే ఇవ్వాలని చదివే మేం పెద్దయ్యాక ముంచుతాం అన్నారు. డిడాకే అనే తొలి క్రైస్తవుల చిన్న పుస్తకంలో పారే నీళ్లయితే మంచిది, లేకపోతే వేరే నీళ్లు, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయమని ఉందని కూడా దాచకుండా చెప్పారు. మళ్లీ తీసుకోమని అత్తను ఒత్తిడి చేయలేదు. కానీ కుర్రవాళ్లను తరగతికి పంపేముందు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పి పంపాలి.

బాప్తిస్మం రోజు సంగతి. తొట్టి వేదిక కిందే ఉంది, పైన చెక్కలు తీస్తే నీలం టైల్స్. నీవా నదిలో ఎప్పుడూ ఇసుకే కాబట్టి ముందురోజు రాత్రే ట్యాంకర్ తోలించారు. దిగే మెట్లు నున్నటి గ్రానైట్, పట్టుకోవడానికి కడ్డీ లేదు. ముందువాళ్లు ఎక్కివచ్చాక అవి తడిసి జారుతున్నాయి. మోకాళ్ల నొప్పులున్న ఒకావిడ జారబోతే పక్కావిడ పట్టుకుంది. ఒక స్టీలు కడ్డీ, రెండు గోనెపట్టాలు వేస్తే సరిపోతుంది. చెప్పాను, చేస్తామన్నారు.

బట్టల విషయంలో మాత్రం ఆడవాళ్లెవరో ఆలోచించారు. తెల్ల గౌన్లు సంఘమే ఇస్తుంది. మందంగా, ఒంటికి అతుక్కోకుండా ఉన్నాయి. నీళ్లలో పైకి తేలకుండా కింది అంచులో బరువులు పెట్టి కుట్టారు. దీనికి చేతులెత్తి దండం పెట్టాలి. ఆడవాళ్లు మార్చుకునే గది మాత్రం ఒక్కటే, గొళ్లెం సరిగ్గా పడదు.

వీడియో తీసే ఆయన తొట్టి అంచునే నిలబడటంతో మావాడు మునగడం నాకు ఆయన వీపులోంచే కనపడింది. పాస్టర్‌గారు మెడ వెనక చెయ్యి వేసి, ముక్కు దగ్గర మడిచిన తువ్వాలు పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో అంటూ తొందర లేకుండా వెనక్కి వాల్చారు. పైకొచ్చాక వాడు దగ్గాడు, జనం పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత ప్రభువు బల్లలో, అంటే క్రీస్తు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో, వాడు మొదటిసారి రొట్టె తీసుకున్నాడు.

వారం తిరక్కముందే వాడు చెల్లెలి సైకిల్ తనే పాడు చేశానని ఒప్పుకుని, దాచుకున్న డబ్బుతో బాగు చేయించాడు. అది కాగితం మీద ఉందో లేదో నాకు తెలీదు.

వెళ్లాలనుకునేవాళ్లకు: తరగతి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏదైనా తిని వెళ్లండి, బ్యాగులో రెండు బిస్కెట్లు పెట్టుకోండి. బాప్తిస్మం రోజున రెండు తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు తీసుకెళ్లండి. కడ్డీ ఇంకా వేయలేదు.