అయొడిన్ పట్టే బొగ్గు: 99.9 శాతం సరే, ఎంత తేమలో?

అణుకేంద్రాల గాలిలోని రేడియోధార్మిక అయొడిన్‌ను పట్టే బొగ్గు సంచి మీద 99.9 శాతం పడుతుంది అని ఉంటే, ముందు ఏ అయొడిన్‌కో, ఎంత తేమలోనో చూడాలి. అయొడిన్ ఆవిరిని రసాయనాలేవీ కలపని కొబ్బరి చిప్ప యాక్టివేటెడ్ బొగ్గు కూడా పట్టేస్తుంది, అందులో గొప్పేమీ లేదు. పేచీ అంతా మిథైల్ అయొడైడ్ అనే అయొడిన్ సమ్మేళనంతోనే. తేమ పెరిగితే బొగ్గు రంధ్రాల్లో నీరు చేరుతుంది, మిథైల్ అయొడైడ్ జారిపోతుంది.

మా ఓటు పొటాషియం అయొడైడ్, టెడా (ట్రైఇథిలీన్ డైఅమీన్ అనే రసాయనం) రెండూ కలిపిన రకానికి, 8×16 మెష్ రవ్వకు, అంటే 8 నంబరు జల్లెడ దాటి 16 నంబరు జల్లెడ మీద నిలిచే రవ్వకు. మొదటిది రేడియోధార్మిక అయొడిన్‌ను తనలోని మామూలు అయొడిన్‌తో మార్చుకుంటుంది. టెడా మిథైల్ అయొడైడ్‌తో చర్య జరిపి లవణంగా కట్టేస్తుంది. టెడా 5 శాతం మించితే మేలు జరగదు, రంధ్రాలు పూడిపోతాయి. దీనికి వేడి కూడా పడదు, మెల్లగా ఆవిరైపోతుంది.

నివేదికలో ఈ బొగ్గును పరీక్షించే ప్రమాణం ఏఎస్‌టీఎం డీ3803 అడగండి: 30 డిగ్రీలు, 95 శాతం తేమ, 50 మి.మీ. పొర, నిమిషానికి 12.2 మీటర్ల గాలి. అంటే గాలి బొగ్గులో ఉండేది పావు సెకను. ముందు 16 గంటలు తేమగాలి పట్టించకుండా పరీక్షిస్తే ఏ బొగ్గయినా బంగారంలా కనిపిస్తుంది! పరీక్షించే పొరలోనూ, దాన్ని దాటిన అయొడిన్‌ను పట్టే వెనక పొరలోనూ రేడియోధార్మికతను వేర్వేరు రోజుల్లో లెక్కిస్తే క్షయాన్ని సరిదిద్దాలి. అయొడిన్-131 అర్ధాయువు 8 రోజులు కాబట్టి ఒక్క రోజు తేడాకే 8 శాతం తగ్గుతుంది.

మంచి బొగ్గూ ఫిల్టర్ తొట్టిలో చెడుతుంది. పెయింటు ఆవిర్లు, వెల్డింగ్ పొగ, శుభ్రం చేసే ద్రావకాలు తగిలితే కొత్తదైనా పనికిరాదు. పెయింటింగ్ జరిగే రోజుల్లో ఫ్యాన్ ఆపేయడమే దారి. నింపేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తే తర్వాత రవ్వ కిందికి సర్దుకుని పైన వేలెడు సందు మిగులుతుంది. గాలికి ఆ దారి చాలు. కొద్దికొద్దిగా పోస్తూ, తొట్టిని కదుపుతూ నింపాలి. రవ్వను అరచేతిలో నలిపితే నల్లటి పొడి బాగా రాలే సరుకును వెనక్కి పంపండి, ఆ పొడి వెనకున్న, సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్‌ను మూసేస్తుంది. ముందు హీటర్ పెట్టి తేమను 70 శాతం లోపు ఉంచితే ఇదే బొగ్గు చాలా ఎక్కువ కాలం వస్తుంది.