పదివేలుంటే స్మార్ట్ ప్లగ్గులా, బీఎల్‌డీసీ ఫ్యాన్లా?

కరెంటు బిల్లు తగ్గించుకుందామని ఓ పదివేలు పక్కన పెట్టుకున్నవాళ్లకు ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్గులు కొనడం ఒకటి. పాత ఫ్యాన్లు తీయించి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించుకోవడం రెండోది. నా ఓటు ఫ్యాన్లకే. స్మార్ట్ ప్లగ్గు మనం ఆపడం మర్చిపోయినప్పుడే ఆదా చేస్తుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆదా చేస్తుంది. మన ఇళ్లలో మార్చి వచ్చిందంటే ఇక ఫ్యాన్ ఆగేదెప్పుడు?

మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ అయితే 30 ప్రాంతంలో. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లకు 60. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో రెండు మీదో మూడు మీదో పెట్టుకునేవాళ్లకు ఇంత తేడా రాదు, పాత ఫ్యాన్ కూడా అప్పుడు తక్కువే లాగుతుంది. కానీ మే నెలలో బెజవాడలో ఫ్యాన్ రెండు మీద పెట్టుకునేదెవరు!

తెలంగాణలో ఈ 60 యూనిట్లకు ఇంకో లెక్క ఉంది. గృహజ్యోతి కింద ఆహార భద్రత కార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తుంది, దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టుకోవాల్సిందే. ఎండాకాలంలో 230 దగ్గర తచ్చాడే ఇల్లు ఫ్యాన్లు మార్చి 170కి దిగితే, మిగిలేది 60 యూనిట్ల డబ్బు కాదు, మొత్తం బిల్లే.

ఇక ప్లగ్గుల సంగతి. వీటిని ఎక్కువగా కొనేది గీజర్ కోసమే. రెండు వేల వాట్లు కదా, ఆపకుండా ఆఫీసుకి వెళ్లిపోతే మీటరు గిర్రున తిరుగుతుందని టెన్షన్. నిజానికి 15 లీటర్ల నీళ్లు కాగడానికి ముప్పావు యూనిట్ కూడా పట్టదు. కాగాక థర్మోస్టాట్ దానంతటదే కట్ చేస్తుంది. ఆ తర్వాత ట్యాంకు గోడల నుంచి పోయే వేడికే మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది. స్టార్ రేటింగ్ బాగున్న గీజరైతే రోజంతా మర్చిపోయినా ఇలా ఊరికే పోయేది ఒక యూనిట్ లోపే. పాత గీజర్‌లో థర్మోస్టాట్ పాడైతే ప్రమాదమే, ఆ భయానికి ప్లగ్గు కొంటే కొనండి. అయితే 16 ఆంపియర్లదే తీసుకోండి. చిన్నది పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఏసీకి ప్లగ్గుతో పనే లేదు. తెల్లవారుజామున ఆపే టైమర్ రిమోట్‌లోనే ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా వస్తున్నదీ అందుకే. మనమేమో వెంటనే 18కి దించేస్తాం.

పైగా ప్లగ్గు వైఫై కోసం రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది. ఒక్కోటి ఒక వాట్ అటూఇటూ తింటుంది. నాలుగైదు పెడితే ఏడాదికి నలభై యూనిట్ల దాకా వాటికే సమర్పయామి.

అలాగని స్మార్ట్‌వన్నీ దండగ అనను. ఊళ్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే, మోటర్ ఆపారో లేదో పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి చూసుకోవచ్చు. అది నిశ్చింత కోసం పెట్టే ఖర్చు, బిల్లు తగ్గించే ఖర్చు కాదు. ట్యాంకు పొంగిపోవడమే బాధైతే, వైఫై అక్కర్లేని వాటర్ లెవెల్ కంట్రోలర్ చాలు.

బీఎల్‌డీసీతో చికాకులూ ఉన్నాయి. స్పీడు మార్చే రిమోట్ సోఫా సందులో పడితే ఇల్లంతా వెతుకులాటే. ఇంటి ఇన్వర్టర్ మీద మాత్రం సుఖం, ఒక పాత ఫ్యాన్ లాగే కరెంటుతో రెండు తిరుగుతాయి. మూడు ఫ్యాన్లూ ఒకేసారి కుదరకపోతే హాల్లోది ముందు మార్చండి, ఎక్కువసేపు తిరిగేది అదే. బిగించేటప్పుడు మీరు దగ్గరుండి ఎలక్ట్రీషియన్‌తో పాత రెగ్యులేటర్ తీయించి నేరుగా లైన్ ఇప్పించండి. దాన్ని అలాగే వదిలేస్తే ఫ్యాన్‌లోని సర్క్యూట్ బోర్డు దెబ్బతినొచ్చు.