రాష్ట్రపతి వదులుకున్న ఇల్లు: సిమ్లా వైస్‌రీగల్ లాడ్జ్ సందర్శన

సిమ్లా వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది మాల్ రోడ్డు, కుఫ్రీ, జాఖూ కొండ మీది ఆంజనేయస్వామి గుడి చూసుకుని తిరిగి వచ్చేస్తారు. ఊరికి పడమటి కొసన అబ్జర్వేటరీ కొండ మీద ఉన్న వైస్‌రీగల్ లాడ్జ్ గురించి తెలిసినా, పొద్దు మిగిలితే చూద్దాం అనుకునేవారే ఎక్కువ. మేమూ అలాగే అనుకునేవాళ్లమేమో గానీ, మా నాన్నగారు హైదరాబాదులో బయలుదేరిన నాటి నుంచే “మా వైస్ ఛాన్సలర్ గారి ఇల్లు చూడకుండా నేను కొండ దిగను” అని పట్టుబట్టారు. ఆయన చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసింది 1931 నుంచి 1936 వరకు, అంటే నాన్నగారు పుట్టకముందు. అయినా వాల్తేరులో చదివినవారికి రాధాకృష్ణన్ ఎప్పటికీ ‘మా వీసీ గారే’.

ఈ భవనానికి రాధాకృష్ణన్‌తో ఉన్న సంబంధం తెలియకుండా లోపలికి వెళితే సగం ఆశాభంగం తప్పదు. బ్రిటిష్ వాళ్లు వేసవి రాజధానిగా పెట్టుకున్న సిమ్లాలో వైస్రాయి కోసం కట్టి 1888లో పూర్తి చేసిన ఈ మేడ, స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రపతి నివాస్ అయింది. ఇంత పెద్ద భవనాన్ని రాష్ట్రపతి వాడుకున్నది వేసవిలో కొద్ది రోజులు మాత్రమే. రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యాక, దీన్ని పండితులకు అప్పగించడం మేలని భావించి వదులుకున్నారు. అలా ఏర్పడిన భారతీయ ఉన్నత అధ్యయన సంస్థను 1965 అక్టోబరు 20న ఆయనే ప్రారంభించారు. చరిత్రకారుడు నీహార్‌రంజన్ రాయ్ దానికి మొదటి డైరెక్టరు. ఆ సంస్థ ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తోంది కనుక మనం చూసేది మ్యూజియం కాదు, ఒక గ్రంథాలయం నడుస్తున్న ఇంట్లో మనకు చూపించే కొన్ని గదులు.

మొదటిసారి మేము వెళ్లింది సోమవారం. ఆ రోజు సెలవని హోటల్లో కాగితం మీద రాసుకుని కూడా మరిచిపోయి, గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాం. తప్పు పూర్తిగా మాదే. అయితే ఆ నడక వృథా పోలేదు. మాల్ నుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు ఉండే దారి చౌరా మైదాన్ దాటాక దేవదారు చెట్ల నీడలోకి మళ్లుతుంది, బండ్ల మోత క్రమంగా వెనకబడుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు చౌరా మైదాన్ నుంచి టాక్సీ మాట్లాడుకోవడం మంచిది. మర్నాడు మా అమ్మ అలాగే వచ్చి, మాకంటే ముందే చేరి, మా కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

భవనాన్ని మొదట చూడగానే కలిగేది ఆశ్చర్యం కన్నా తికమక. దీని రూపకర్త హెన్రీ ఇర్విన్ మద్రాసు హైకోర్టు నిర్మాణంలో పాలుపంచుకున్నవాడు, కన్నెమరా గ్రంథాలయానికీ మైసూరు ప్యాలెస్‌కూ నమూనా గీసినవాడు. ఎర్ర ఇటుకలు, గుమ్మటాలు, మన శిల్పాన్ని తలపించే కమానులతో మద్రాసులో కట్టించిన మనిషే, ఇక్కడ బూడిదరంగు రాతితో, కోణాల కప్పులతో, బురుజులతో అచ్చం ఇంగ్లండు జమీందారు కోట లాంటిది లేపాడు. మద్రాసులో పెరిగిన తెలుగువాళ్లెవరికైనా ఈ రెండూ ఒకే చేతి పని అంటే నమ్మకం కుదరదు. ఆ రాతిపనిని బయట తాపీగా చూడటానికి కనీసం అరగంట కేటాయించమని నా సలహా, ఎందుకంటే లోపల గైడు వెంట నడిచేటప్పుడు అంత తీరిక దొరకదు.

లోపలికి గైడుతో, జట్లుగా పంపిస్తారు. ఫోటోలు తీయనివ్వరు. ఇది కొందరికి నచ్చకపోవచ్చు గానీ నాకు మేలే అనిపించింది, ఎందుకంటే ఆ ప్రవేశ మంటపంలో అందరూ ఫోన్లు దించి తలెత్తి చూశారు. మూడంతస్తుల ఎత్తు దాకా లేచిన ఆ హాలు చుట్టూ బర్మా టేకుతో చేసిన గ్యాలరీలు, ఒక పక్క నుంచి మొదలై మలుపు తిరుగుతూ పైకి పోయే మెట్ల వరుస ఉన్నాయి. మన ఊళ్లలో పాత ఇళ్లవాళ్లు “మా ద్వారబంధాలు బర్మా టేకువి” అని ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడ గోడల్లో, కటకటాల్లో, స్తంభాల్లో ఎటు చూసినా చెక్కే. మెట్ల దగ్గర మా అమ్మ కటకటం మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించి, “ఒక్క చీలిక కూడా లేదే” అంది. ఆ మాట గైడు వర్ణన కన్నా నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. సిమ్లా ఊరికి కరెంటు రాకముందే, 1888లోనే ఈ ఇంట్లో విద్యుద్దీపాలు వెలిగాయి. ఇంత చెక్క ఉన్నచోట నిప్పు భయం సహజం కనుక, నీటి గొట్టాల కొసలను మైనంతో మూసే ఏర్పాటు చేశారు. మంట లేస్తే మైనం కరిగి నీళ్లు దూకుతాయన్నమాట.

సందర్శకులు తిరిగేది కింది అంతస్తులోని కొన్ని గదుల్లోనే. పాత ఫోటోలు, ఆనాటి సామాను, చర్చలు జరిగిన గది చూపిస్తారు. దేశ విభజన సంతకాలు ఇక్కడి బల్ల మీదే జరిగాయని నమ్మి వచ్చేవారు చాలామంది కనిపించారు. అలాంటి సంతకం ఏదీ ఇక్కడ జరగలేదు. జరిగినవి చర్చలు. 1945లో అప్పటి వైస్రాయి వేవెల్ పిలిచిన సమావేశం జూన్ 25న మొదలై జూలై 14న విఫలమై ముగిసింది. కాంగ్రెస్ అధ్యక్షుడి హోదాలో మౌలానా ఆజాద్, ముస్లిం లీగ్ తరఫున జిన్నా పాల్గొన్న ఆ సమావేశానికి గాంధీ సిమ్లా దాకా వచ్చి కూడా సభలో కూర్చోలేదు. ఆ తర్వాత 1947 మే నెలలో మౌంట్‌బాటెన్ ఈ ఇంట్లోనే అధికార బదిలీ పథకాన్ని తన అతిథి నెహ్రూకు రాత్రిపూట చూపించడం, ఆయన మండిపడటం, మర్నాడు వైస్రాయి సలహాదారు వి.పి. మీనన్ హడావుడిగా కూర్చుని కొత్త ముసాయిదా రాయడం జరిగాయి. నా దృష్టిలో సంతకాల బల్ల కన్నా ఆ ఒక్క రాత్రి కథే పెద్దది. మరో పొరపాటు కూడా తరచుగా వినబడుతుంది. ఇందిరా గాంధీ, భుట్టో 1972లో చేసుకున్న సిమ్లా ఒప్పందం ఇక్కడిది కాదు, ఊళ్లోనే ఉన్న బార్న్స్ కోర్టు అనే మరో భవనంలో జరిగింది.

“ఇంత పెద్ద మేడలో ఇంతేనా చూపించేది” అని మా జట్టులో ఒకాయన బయటికి వస్తూ అన్నారు. షాండ్లియర్లు, వెండి సామాను, పడకగదులు చూడాలని వచ్చినవారికి ఆ మాట సబబే. అలాంటి ముచ్చట తీరాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కో మైసూరుకో వెళ్లాలి. రాష్ట్రపతి ఇప్పటికీ బస చేసే ఇల్లు చూడాలనుకుంటే మనకు బొల్లారంలోనే రాష్ట్రపతి నిలయం ఉంది, 2023 మార్చి నుంచి సందర్శకులకు తెరిచే ఉంటోంది. వంటశాలనూ భోజనశాలనూ కలిపే సొరంగం గోడల మీద చేర్యాల బొమ్మలు వేయించిన ఆ ఇంటిని పిల్లలు ఇంతకంటే ఎక్కువ ఇష్టపడతారు. సిమ్లా ఇల్లు అలాంటిది కాదు. వైస్రాయిలు నాట్యాలు చేయించిన బాల్‌రూము, విందులిచ్చిన భోజనశాల ఇప్పుడు గ్రంథాలయంలో భాగం, ఏళ్ల తరబడి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి చదువుకుంటున్నారు. బర్మా నాయకురాలు ఆంగ్ సాన్ సూ చీ రాజకీయాల్లోకి దిగకముందు ఇక్కడ ఫెలోగా ఉన్నారు. మనకు మూసి ఉన్న తలుపుల వెనక ఎవరో చదువుకుంటున్నారు కనుక, ఆ తలుపులు తెరవలేదని నాకు ఫిర్యాదు లేదు.

తోట గురించి కొంచెం చెప్పాలి. మొదట 331 ఎకరాలున్న ఆవరణ ఇప్పుడు 110 ఎకరాలకు తగ్గిందంటారు, అయినా పచ్చిక బయళ్లలో గంటసేపు తీరుబడిగా తిరగవచ్చు. ఈ కొండ వెన్ను మీద పడిన వాన ఒక పక్కకు జారితే సట్లెజ్‌లో కలిసి అరేబియా సముద్రం వైపు, రెండో పక్కకు జారితే యమునలో కలిసి మన బంగాళాఖాతం వైపు పోతుంది. మబ్బు లేని రోజున ఉత్తరాన మంచు కొండలు కనబడతాయి. మేము వెళ్లిన ఉదయం పదకొండు దాకా కనిపించి, తర్వాత మబ్బు కమ్మేసింది. అందుకే వీలైనంత పొద్దున్నే, శని ఆదివారాలు తప్పించి వెళ్లండి, వేసవైనా ఒక శాలువా దగ్గర ఉంచుకోండి. బయటా లోపలా కలిపి రెండున్నర గంటలు సరిపోతాయి.

ఒకప్పటి అగ్నిమాపక కేంద్రాన్ని ఇప్పుడు చిన్న కెఫేగా, సంస్థ ప్రచురణలు అమ్మే పుస్తకాల దుకాణంగా మార్చారు. అక్కడ టీ తాగుతూ కూర్చున్నాక లేపడం కష్టమైంది నాన్నగారినే. మూడు పుస్తకాలు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, రెండు తిరిగి పెట్టి, ఒకటి కొన్నారు. కౌంటరు దగ్గరి అబ్బాయికి హిందీలో తడుముకుంటూనే వాల్తేరు గురించి, వీసీ గారి గురించి మొత్తం చెప్పాకే టాక్సీ ఎక్కారు.