వెనక యాక్సిల్ బాగు చేయించి ఇన్నాళ్లు నడిపాక

మా పాత ఆరు టైర్ల లారీకి వెనక మోత మొదలైనప్పుడు అందరిదీ ఒకటే మాట, పాత బండ్ల యార్డు నుంచి సెకండ్ హ్యాండ్ యాక్సిల్ అసెంబ్లీ మొత్తంగా తెచ్చి బిగించెయ్, రేపటికల్లా బండి రోడ్డెక్కుతుంది అని. నేను విప్పించి బాగు చేయించాను. రాజమండ్రిలో ఆ పని చేసిన మేస్త్రి గురించి ఎవరడిగినా గంటసేపు చెప్తాను.

యాక్సిలరేటర్ తొక్కితే ఈల లాంటి మోత, కాలు తీస్తే తగ్గేది. ఆయిల్ దించితే డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి ఇనుప పెంకులు అంటుకొచ్చాయి. యార్డులో చూసిన అసెంబ్లీకి పళ్లు లెక్కపెడితే క్రౌన్‌కి, అంటే యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రానికి 37, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కి 6. మాది 41, 6. క్రౌన్‌కి పళ్లు తక్కువ కాబట్టి అది వేస్తే ఘాట్‌లో లాగుడు పోతుంది, అందుకే వద్దనుకున్నాను. క్రౌన్, పినియన్ జతగానే రావాలి కాబట్టి ఆ సెట్టు, బేరింగులు, స్పైడర్ వాషర్లు అన్నీ కొత్తవి తెచ్చాం.

ఇక సెట్టింగ్. చాలా చోట్ల చేత్తో ఊపి చూసి "సరిపోయింది" అనేస్తారు. ఈయన పినియన్ ఫ్లాంజికి తాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి బేరింగు బిగువు చూశాడు, డయల్ గేజి పెట్టి పళ్ల మధ్య ఖాళీ కొలిచాడు, పళ్లకు రంగు పూసి తిప్పి, ఆ మరక పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు (సందులో పెట్టే పల్చటి రేకులు) తీసి వేసి మళ్లీ తీసి, అలా పొద్దుగూకేదాకా కూర్చున్నాడు, నేను పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే మోత లేదు, దిగేటప్పుడు కూడా లేదు. అంత సంతోషం ఈ బండి కొన్నప్పుడు కూడా కలగలేదు. ఇప్పటికీ ఈ పళ్ల చక్రాలుండే మధ్యభాగం అలాగే ఉంది.

అయితే చక్రాలుండే యాక్సిల్ కొసల సంగతి వేరు. ఒక వానాకాలం తర్వాత ఎడమ హబ్ (చక్రం బిగించే భాగం) నుంచి ఆయిల్ కారి బ్రేకు లైనర్లు తడిసిపోయాయి, బ్రేకు కొడితే బండి కుడికి లాగేది. సీలు మార్చినా మళ్లీ కారింది. విప్పి చూస్తే బేరింగు లోపలి రింగు హౌసింగ్ (యాక్సిల్ బయటి గొట్టం) మీదే తిరుగుతూ దాన్ని అరగదీసింది. ఈ రకం యాక్సిల్‌లో బరువు మోసేది హౌసింగే, లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే. నాలుగు టైర్ల యాక్సిల్ పరిమితి 2018లో 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచారు గానీ మా హౌసింగ్ అంతకు ముందుది, పాత పరిమితికి చేసింది. అరిగిన చోట పంచ్‌తో గుంటలు కొట్టి బిగువుగా బేరింగు ఎక్కిస్తామన్నారు, వెల్డింగ్ పోసి లేత్ పడతామన్నారు. చక్రం నిలబడే చోట అలాంటివి నాకు నమ్మకం లేదు. ఖాళీ హౌసింగ్ ఒకటి వెతికించి, బాగు చేయించిన మధ్యభాగాన్ని అలాగే అందులోకి మార్చాం. కాబట్టి ముందు పెట్టిన ఖర్చు వృథా పోలేదు, కాకపోతే మొదట అనుకున్నంత చవకగా మాత్రం తేలలేదు.

నాది సొంత బండి, ఈఎంఐ లేదు, నాలుగు రోజులు ఆగినా ఇంట్లో గడుస్తుంది. కిస్తీ నెత్తి మీదున్నవాళ్లు, కలకత్తా దాకా లోడు కొట్టేవాళ్లు అసెంబ్లీ మార్చుకోవడమే మేలేమో. బాగు చేయించేవాళ్లు మాత్రం మధ్యభాగం విప్పిన రోజే రెండు హబ్‌లూ ఊడదీయించి బేరింగు కూర్చునే చోటు కొలిపించండి, మేస్త్రి దగ్గర డయల్ గేజి ఉందో లేదో ముందే అడగండి.