ఎబొనైట్ ఇంకు పెన్ను, ఎనిమిది నెలల తర్వాత: కక్కుతుంది, అయినా మార్చను

ముందే చెప్పేస్తున్నాను, జేబులో పెట్టుకుని ఊరంతా తిరగడానికి పెన్ను కావాలంటే ఇది కొనకండి. 10 రూపాయల బాల్ పెన్ను దీనికంటే నమ్మకస్తురాలు, పోయినా ఏడుపు రాదు. ఈ ఎనిమిది నెలల్లో దీనికి రెండు చొక్కాలు, ఒక లాప్‌టాప్ బ్యాగు, ఒక పీహెచ్‌డీ కుర్రాడి రెండు రోజుల సమయం బలిచ్చాను. ఇన్ని పోగొట్టుకుని కూడా బాగుందనే రాయబోతున్నాను, కాబట్టి నా తీర్పుని కొంచెం తగ్గించుకునే చదవండి.

వస్తువు ఏమిటంటే, నల్ల ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చేసిన ఇంకు పెన్ను. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి ఉడికిస్తే కొయ్యలా గట్టిపడిపోతుంది, అదే ఎబొనైట్. కొత్తలో మూత తీసినప్పుడల్లా అగ్గిపుల్ల గీసినట్టు వాసన. ఇప్పుడు తగ్గింది, చెమట చేత్తో గట్టిగా రుద్దితే మాత్రం ఇంకా వస్తుంది, నేను మీటింగుల్లో అదే పనిగా రుద్దుతుంటాను. మూత తీయాలంటే నాలుగు చుట్లు తిప్పాలి. అవతలివాళ్ళు ఫోన్ నంబరు చెప్పడం మొదలుపెడితే మూత ఊడేసరికి ఐదో అంకెలో ఉంటారు. లోపల రీఫిల్లు, కార్ట్రిడ్జ్ ఏమీ ఉండవు, వెనకాల గొట్టమే ట్యాంకు. ఫిల్లరుతో నేరుగా పోసి బిగించడమే. నాకు 3 మిల్లీలీటర్ల పైనే పడుతోంది. చిన్న కార్ట్రిడ్జ్‌లో 1 మిల్లీలీటరు కూడా పట్టదు, ఆ లెక్కన ఇది బిందె. కొరియర్‌తో కలిపి 1,600 అయింది.

గోదావరి పెన్నులంటే అందరికీ రాజమండ్రి రత్నం గారి పెన్నే గుర్తొస్తుంది. గాంధీ గారి మాట పట్టుకుని స్వదేశీ పెన్ను తయారుచేసి పంపితే, బాగుందని ఆయన 1935లో ఉత్తరం రాశారు. నాది అక్కడిది కాదు. గోదావరి జిల్లాలోనే ఒక పెద్దాయన ఇంటి వసారాలో లేతు పెట్టుకుని చేస్తారు, ఆయన దగ్గర తీసుకున్నది. పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్టబోయే లోపాలు ఆయన చేతివి కావు, ఈ రకం పెన్నులన్నిటికీ పుట్టుకతో వచ్చినవి.

నాకెందుకు పట్టుకుందీ పిచ్చి అంటే, నేను చేసేది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో రీసెర్చ్. చుట్టాలు అడిగితే, పది కంప్యూటర్లు ఒక మాట మీద నిలబడటానికి పడే తంటాలు అని చెబుతాను. మా బాబాయి ఒకసారి విని "పెళ్ళి భోజనాల్లో ఏం పెట్టాలో తేల్చడం లాంటిదన్నమాట" అన్నాడు, అంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. ఏడాదిన్నర కూర్చుని చేసిన పని పేపరుగా పంపితే నాలుగు నెలలు ఆగి రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది. ముగ్గురు రివ్యూయర్లలో ఒకరికి తెగ నచ్చింది, ఒకరు చదివినట్టే లేదు, మూడో ఆయన ప్రూఫ్ నమ్మలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో పెన్నులు చూస్తూ కూర్చుని, తెల్లవారుజామున రెండింటికి డబ్బులు కట్టేశాను. వేరే ఏదైనా కొనొచ్చుగా, పెన్నే ఎందుకంటే నాన్న. ఆయన టీచరు, జేబు కింద ఎప్పుడూ నీలం మరక ఉండేది, ఆ మరకలున్నవాటికి ఇంట్లో అమ్మ పెట్టిన పేరు స్కూలు చొక్కాలు. బడిలో మాకు ఇంకు పెన్ను చేతికొచ్చింది ఆరో తరగతిలో. పెన్ను ఎవరికీ ఇవ్వకూడదు, ఇస్తే పాళీ వాళ్ళ చేతివాటానికి తిరిగిపోతుందని క్లాసంతటికీ గట్టి నమ్మకం. రాయకపోతే విదిలించడం, ముందు బెంచీ వాడి వీపు మీద చుక్కల వరస. చుక్కలు ఎవరివో ఇంకు రంగుని బట్టి మాస్టారు పట్టేసేవారు.

సరే, పెన్ను వచ్చింది. మొదటి రోజే నిరాశ. రెండు లైన్లు బాగా రాయడం, మూడో లైన్లో ఉన్నట్టుండి ఎండిపోవడం, మళ్ళీ రావడం. కొరియర్ డబ్బాలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. పెద్దాయనే ఎత్తారు.

"పాళీకీ, దాని కింద ఇంకు అందించే ఫీడుకీ మధ్య సందు పడుంటుందండి. రెండూ కలిపే బయటికి లాగండి. ఓ గ్లాసులో కాఫీ వేడి నీళ్ళు పోయండి, సెగలు కక్కేవి వద్దు. అందులో కాసేపు ముంచి, తీసి, బొటనవేలితో ఫీడుని పాళీకి ఆనించి నొక్కి పట్టుకుని 30 లెక్కపెట్టండి. అంతేనండి."

"పగిలిపోతుందేమోనండి?"

"మెత్తబడతది గానీ పగలదండి. చల్లారాక మీరు నొక్కినట్టే ఉండిపోద్ది, ఆయ్."

ఎబొనైట్ వేడికి సాగుతుంది, చల్లబడితే ఆ రూపంలోనే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ ఫీడు ఉన్న పెన్నుల్లో ఇది ఇంత తేలిగ్గా అయ్యే పని కాదు. స్టీలు గ్లాసు, వంటింటి గట్టు, వేళ్ళు కాలడం, మూడోసారికి కుదిరింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఎండిపోలేదు. మళ్ళీ ఫోన్ చేసి థాంక్స్ చెబితే, ఇంతకీ ఏం చేస్తుంటారని అడిగారు. కంప్యూటర్లలో రీసెర్చండి అన్నాను. "మరి మీకు పెన్నెందుకండీ?" అన్నారు, నాకు పెన్ను అమ్మిన మనిషి. సర్వీసుకి ఐదుకి ఐదు.

ఇప్పుడు కక్కడం సంగతి, దీని అసలు రోగం ఇదే. ట్యాంకులో ఇంకు సగానికి తగ్గాక మిగతా చోటంతా గాలి ఉంటుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది, ఫీడు పట్టుకోగలిగినంత పట్టుకుంటుంది, ఆ తర్వాత ఠప్పున ఒక బొట్టు. నిండుగా ఉన్నప్పుడు ఏ గొడవా ఉండదు, అయిపోవస్తున్నప్పుడే. ఏసీ గదిలోంచి హైదరాబాద్ ఏప్రిల్ ఎండలోకి జేబులో పెట్టుకుని నడిస్తే చొక్కా మీద ఆశలు వదులుకోవడమే. విమానంలో ఇంకా ఘోరం, పైన క్యాబిన్లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ఊరుకోదు. బ్యాగు పోయింది అక్కడే. గొట్టం బిగించే మర దగ్గర కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే పక్కల నుంచి కారదు గానీ, పాళీలోంచి వచ్చేదాన్ని ఏ గ్రీజూ ఆపదు. ఉపాయం ఒకటే, సగం అవ్వగానే నింపేయడం.

ఆ ఉపాయం తెలియకముందు జరిగింది ఇది. మా స్టూడెంట్ పేపరు డ్రాఫ్టు ప్రింటు తీసిచ్చాడు. ఆరో పేజీ చదువుతున్నాను, చేతిలో పెన్ను ఊరికే పట్టుకుని, నాలుగో లెమ్మా (పెద్ద ప్రూఫుకి మెట్టులాంటి చిన్న ప్రూఫు) పక్కన మార్జిన్లో సెనగగింజంత బొట్టు పడింది. టిష్యూతో అద్ది మర్చిపోయాను. కాగితాలు తీసుకెళ్ళిన కుర్రాడు రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు కళ్ళు పీక్కుపోయి వచ్చి, "సార్, ఎంత చూసినా నాలుగో లెమ్మాలో తప్పు కనబడటం లేదు" అన్నాడు. గుర్తు పెట్టానని అనుకున్నాడు పాపం. అక్కడ నిజంగానే ఏ తప్పూ లేదు. తప్పు ఏడో పేజీలో ఉంది, మేమిద్దరం చూడలేదు, రివ్యూయర్ చూశాడు.

రాత గురించి. మీడియం పాళీ, నాన్న తరం పెన్నుల కంటే కొంచెం లావుగానే పడుతుంది. తెలుగు రాస్తే మాత్రం ప్రాణం లేచొస్తుంది, ఎక్కడా నొక్కక్కర్లేదు, సున్నలూ సుళ్ళూ వాటంతటవే తిరుగుతాయి. నేను తెలుగు చేత్తో రాసి పదిహేనేళ్ళయింది, మొదటి వారం 'ఋ' ఎటు తిప్పాలో ఆగి ఆలోచించాను, సిగ్గేసింది. సమీకరణాల దగ్గరికొస్తే కష్టం. ఐ, జే అని కింద పెట్టే సబ్‌స్క్రిప్టులు రెండూ ఒకేలాంటి మరకలుగా తయారవుతాయి, ప్రూఫులో ఏ మెషీను ఏదో తెలియకపోతే ఇక ప్రూఫెక్కడ. జెరాక్స్ కాగితం మీద ఇంకు వెంట్రుకల్లా పాకుతుంది, కొంచెం మందం కాగితం ఉన్న నోట్‌బుక్కు కొనుక్కోక తప్పదు. పెన్నుకంటే ఇప్పటికి కాగితాలకే ఎక్కువ పెట్టానేమో. ఇంకు మామూలు రాయల్ బ్లూ, ఉతికితే చాలావరకు పోయే రకం, నా చొక్కాలు తప్ప.

ఇంతకుముందు టాబ్లెట్ మీద రాసేవాణ్ణి. అందులో రెండు వేళ్ళతో తడితే తప్పు మాయం. ఇందులో కొట్టివేతే గతి. జనవరిలో ఒక ఇన్వేరియంట్, అంటే సిస్టమ్ ఏం చేస్తున్నా ఎప్పుడూ నిజంగా ఉండాల్సిన మాట, రాసుకుని కొట్టేశాను, మార్చిలో అదే ఇన్వేరియంట్ కొత్తగా తట్టినట్టు సంబరంగా మళ్ళీ రాశాను. పేజీలు వెనక్కి తిప్పితే కొట్టేసిన చోట పక్కన "పాత లీడర్ పంపిన మెసేజ్ ఆలస్యంగా వస్తే?" అని నా రాతే. లీడర్ అంటే మిగతావాటిని నడిపించే మెషీను. వారం మిగిలింది. ఇది చెప్పగానే మా డిపార్ట్‌మెంట్లో ఒకాయన చూశావా, హాబీ పనికి ఉపయోగపడింది అన్నాడు. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది.

మా రంగంలో అందరికీ ఈ జబ్బుంది. పరిగెడితే ఫోకస్ పెరగాలి, చదరంగం ఆడితే ప్లానింగ్ రావాలి, ఆఖరికి నిద్రపోయినా మర్నాడు ఐడియా తట్టాలి. క్లాడ్ షానన్ పేరు ఎత్తుతారు, 1948లో ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన ఆయన, బెల్ ల్యాబ్స్ వరండాల్లో ఒంటిచక్రం సైకిల్ తొక్కుతూ బంతులు ఎగరేసేవాడు, అందుకే అంత సృజన అంటారు. ఆయన రోమన్ అంకెల్లో లెక్కలు చేసే కాలిక్యులేటరు కూడా తయారుచేశాడు. అది ఏ థియరీకి పనికొచ్చిందో చెప్పమనండి. సరదా పుట్టింది, చేశాడు. కంప్యూటర్ సైన్స్ పెద్దల్లో ఒకడైన డైక్‌స్ట్రా సంగతి ఇంకా బాగుంటుంది. ఆయన జీవితమంతా నోట్సు రాసి, నంబర్లు వేసి, కాపీలు తీసి స్నేహితులకి పోస్టులో పంపాడు, అలాంటివి 1,300 పైనే ఉన్నాయి, వాటిలో చాలావరకు ఇంకు పెన్నుతో చేత్తో రాసినవే. నాలాంటి పెన్ను పిచ్చోళ్ళకి కులదైవం అన్నమాట. అంతటి పెన్ను మనిషికి బాగా పేరు తెచ్చిన ఆల్గారిథమ్, షార్టెస్ట్ పాత్ ది, అంటే రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి వెతికేది, 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భార్య కాబోయే అమ్మాయితో షాపింగ్ చేసి అలసిపోయి కాఫీ తాగుతుంటే, 20 నిమిషాల్లో, కాగితమూ పెన్సిలూ లేకుండా తట్టింది. ఆయనే చెప్పాడు. కాబట్టి పెన్ను కొంటే పేపర్లు వస్తాయని ఎవరూ కొనకండి. ఆ మిగిలిన వారాన్ని నేను లెక్కలో వేసుకోవట్లేదు.

నాకు నచ్చింది ఆదివారం పొద్దున్న పని. బాల్కనీలో పాత పేపరు పరిచి, విడదీసి, నీళ్ళు నీలం పోయి తెల్లగా వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, నింపి, బిగించి, ఒక గీత గీస్తే అయిపోయింది. అయిపోయింది అని చెప్పగలిగే పని నాకు వారం మొత్తంలో అదొక్కటే. ప్రూఫ్ అయిపోయిందని ఎనిమిది నెలల్లో మూడుసార్లు అనుకున్నాను.

ఇంకో యూజర్ అభిప్రాయం కూడా పెడతాను. అమ్మ రామకోటి రాస్తుంది. ఒక మధ్యాహ్నం రీఫిల్ అయిపోయిందని నా పెన్ను తీసుకెళ్ళి అర పేజీ రాసి పట్టుకొచ్చింది.

"రాముడు అటుపక్కకి కూడా దిగిపోతున్నాడురా. రాసింది ఒక్కసారే, పడింది రెండు పక్కలా. దీన్ని ఒకటిగా లెక్కెయ్యాలా, రెండుగానా?"

ఒకే మెసేజ్ రెండుసార్లు అందితే ఒకసారే లెక్కలోకి తీసుకోవడం ఎలా అన్నది మా రంగంలో పాత తలనొప్పి, ఏళ్ళ తరబడి పేపర్లు రాసుకున్నాం. ఒకటిగానే వెయ్యమ్మా అన్నాను.

"వెనక పేజీ మరి ఖాళీగా వదిలెయ్యనా? పుస్తకం ఎంతనుకుంటున్నావు?" అని పెన్ను నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. రామకోటి పుస్తకాల కాగితం పల్చన, అందుకు ఇది పనికిరాదు. కిందకెళ్ళి బాల్ పెన్ను రీఫిళ్ళు డజను తెచ్చిచ్చాను.

మూత నాలుగు చుట్లకి సగం మార్కు, కక్కుడికి ఒక మార్కు తీసేస్తే ఐదుకి మూడున్నర. పోయిన వారం పెద్దాయనకి ఫోన్ చేసి గోధుమరంగుది, సన్న పాళీది, ఇంకోటి కావాలన్నాను, సబ్‌స్క్రిప్టుల కోసం. చేతిలో పని ఎక్కువుంది, ఆరు వారాలు పడుతుందండి అన్నారు. ఆయ్ అన్నాను.